నా బీరుకు వాళ్లు పెట్టిన పేరు

నేను బీరు తయారుచేస్తాను. ఈ మాట నలుగురిలో పైకి అనడానికి నాకు చాలా కాలం పట్టింది. పెళ్లిళ్లలో చుట్టాలు ఏం పని చేస్తున్నావని అడిగితే "ఫుడ్ ల్యాబ్‌లో" అని తప్పించుకునేదాన్ని. పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయ్యాక ఆరేళ్లు ఒక పాల డెయిరీ ల్యాబ్‌లో పనిచేశాను. పాలు ఎందుకు విరుగుతాయి, పెరుగు ఎంతసేపటికి పులుస్తుంది, ఏ సూక్ష్మజీవి ఎంత వేడికి చస్తుంది, ఇదే అక్కడ నా పని. ఆ తర్వాత ఎల్బీనగర్‌లో కొత్తగా పెడుతున్న ఒక మైక్రోబ్రూవరీలో చేరాను. బీరు అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో పోసి ఇస్తారు. పెద్ద హాలు, హాలు చివర అద్దం గోడ, ఆ గోడ వెనక వరసగా నా స్టీలు ట్యాంకులు.

ఓనరు విజయవాడ వైపు నుంచి వచ్చి నాగోల్లో అపార్ట్‌మెంట్లు కట్టి నిలదొక్కుకున్న మనిషి. ఇంటర్వ్యూలో నన్ను చూసి కాసేపు తటపటాయించాడు. తర్వాత తనే నవ్వి, "మా ఇంట్లో ఆవకాయ దగ్గర్నుంచి అన్నీ ఆడవాళ్లే పెడతారమ్మా. ఇదొక్కటి మగవాళ్లే చెయ్యాలని ఎక్కడ రాసుంది?" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. ఆయన నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "అమ్మా" అనేవాడు.

మాది పోచంపల్లి పక్క ఊరు. నేను ఐదో తరగతిలో ఉండగా నాయిన మగ్గం తీసేసి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, చీరల షాపులో సేల్స్‌మన్‌గా చేరాడు. ఇప్పటికీ అదే షాపు. నేను బీరు పనికి పోతున్నానని చెప్పినప్పుడు ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున షాపుకు బయలుదేరుతూ, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "కల్లు గీసెటోళ్లు లేరా? గదీ పనే, గిదీ పనే. పైలంగ చేస్కో బిడ్డా" అని వెళ్లిపోయాడు. అంతే. అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకు నేను జ్యూసుల కంపెనీలో ఉన్నానని చెప్పుకునేది.

హాలు తెరవడానికి ముందు పేర్ల మీటింగు జరిగింది. మొదట మూడు రకాల బీరుతో మొదలుపెడుతున్నాం. గోధుమలతో చేసినది ఒకటి, తేలికగా ఉండేది ఒకటి, గట్టిగా ఎక్కేది ఒకటి. మార్కెటింగ్ చూసే అతను ముప్పై ఏళ్లవాడు, చురుకైనవాడు, ల్యాప్‌టాప్ తెరిచి స్క్రీన్ మా వైపు తిప్పాడు. తేలికదాని పేరు 'మరదలు'. గోధుమలదాని పేరు 'పక్కింటి వదిన'. గట్టిదాని పేరు 'చిన్నిల్లు', దాని కింద చిన్న అక్షరాలతో "ఇంట్లో చెప్పకండి" అని. ఓనరు పగలబడి నవ్వాడు. చెఫ్ బల్ల మీద చరిచాడు. నేనూ నవ్వాను. అది మర్యాద నవ్వు కాదు, నాకు నిజంగానే నవ్వొచ్చింది. కొత్త ఉద్యోగం, చుట్టూ అందరూ మగవాళ్లు, వాళ్లలో ఒకదాన్ని అయిపోయానన్న సంతోషం కూడా అందులో ఉందనుకుంటాను. ఆ పేర్ల గురించి మళ్లీ ఆలోచించలేదు. నా ధ్యాసంతా ట్యాంకుల మీదే.

నాలుగో బీరు పూర్తిగా నా సొంతం. నల్లటి బీరు చెయ్యాలని నాకు మొదటి నుంచీ కోరిక. బార్లీతోపాటు జొన్నలు వేయించి వెయ్యాలనుకున్నాను. మొదటిసారి జొన్నలు మాడి బూడిద వాసన వచ్చింది. రెండోసారి పుల్లగా తిరిగింది. మూడోసారి బాగానే ఉందనిపించింది కానీ గొంతు దిగాక నాలుక మీద చేదు ఉండిపోయింది. నాలుగుసార్లు మొత్తం ట్యాంకు పారబోయించాను. ఓనరు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, అది చెప్పాలి. ఐదోసారి కుదిరింది. ఈస్ట్ కలపకముందు ఉండే తియ్యటి నీళ్లు, వాటిలో మత్తు ఏమీ ఉండదు, ఒక సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చాను. నాయిన స్టీలు గ్లాసులో పోసుకుని, వాసన చూసి, ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"జొన్న అంబలిల బెల్లం కలిపినట్టున్నది," అన్నాడు. "మా అవ్వ పోసేది గిట్ల."

ఆ బీరుకు 'రేగడి' అని పేరు పెట్టమని ఓనరుకూ మార్కెటింగ్ అతనికీ మెయిల్ పెట్టాను. నల్లరేగడి భూమి రంగు, ఆ భూమిలో పండే జొన్న, అందుకని. "నైస్ మేడం, చూద్దాం" అని జవాబు వచ్చింది. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

విడుదల ఒక శనివారం మధ్యాహ్నం పెట్టారు. ఆ ముందు వారం నాయిన ఇంటికి వచ్చి సంబరంగా చెప్పాడు. "మీ ఆఫీసు మనిషి మా షాపుకొచ్చిండు. నువ్వే చెప్పినవంట గద మా షాపు గురించి. నీ బీరు ఓపెనింగుకు పోచంపల్లి చీర గావాలన్నడు. నేనే దగ్గరుండి తీసిచ్చిన. ఎర్రది, ఏనుగులు, చిలకలు ఉన్నది. గా పని చేసెటోళ్లు ఇప్పుడు ఇద్దరు ముగ్గురే ఉన్నరు." దీపం వెలిగించడానికి వచ్చే ముఖ్య అతిథికి పెడతారేమో అనుకున్నాం ఇద్దరం. నువ్వు కూడా రా నాయినా అన్నాను. ఆయన ఎప్పుడూ నా పనిచోటు చూడలేదు. షాపులో అడిగి సగం రోజు సెలవు పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున నేను వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లాను. ట్యాంకుల దగ్గర పని ముగించి, ట్యాపుల్లోకి బీరు సరిగ్గా వస్తోందో లేదో చూసుకుని, పన్నెండు దాటాక హాల్లోకి వచ్చాను. అప్పటికే సగం బల్లలు నిండాయి. గోడ మీద కొత్త బోర్డు. నాలుగో పేరు మిగతా మూడింటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

'నల్లపిల్ల'. దాని కింద, "చూస్తే నలుపు, పట్టుకుంటే వదలరు."

నేను మొదట అర్థం చేసుకోలేకపోయాను. వేరే ఏదో కొత్త బీరు అనుకున్నాను. వేరేది లేదు. ఆ హాలుకు బీరు చేసేది నేనొక్కదాన్నే. చిన్నప్పటి నుంచి ఆ మాట నేను వింటూనే ఉన్నాను. బడిలో, పెళ్లిచూపుల్లో, మా చిన్నమ్మ నోట. నా ఒంటి రంగు నాకు తెలియనిది కాదు. కానీ గోడ మీద, లైట్లు పెట్టి, నేను చేసిన సరుకు పక్కన చూడటం వేరు.

అప్పుడు బొమ్మ కనిపించింది. బార్ పక్కన నిలబెట్టారు. చీరల షాపుల్లో పెట్టే ప్లాస్టిక్ బొమ్మే, తల లేదు. ఒళ్లంతా నల్లరంగు కొట్టారు. దానికి కట్టిన చీర ఎర్రది, ఏనుగులు, చిలకలు ఉన్నది. కుచ్చిళ్లు బొడ్డు కింద ఎంత దిగువకు పోతాయో అంత దిగువకు లాగారు. కొంగు జారవిడిచారు. చేతిలో ట్రే, ట్రేలో నా బీరు. ఇద్దరు మగవాళ్లు దాని నడుం చుట్టూ చెయ్యేసి సెల్ఫీ తీసుకుంటున్నారు. ఒకడి వేళ్లు ఎక్కడున్నాయో నేను చూశాను. ఆ చెయ్యి నా మీదే పడ్డట్టనిపించింది.

మార్కెటింగ్ అతను నన్ను చూసి చెయ్యి ఊపాడు. దగ్గరికి వెళ్లి, "ఇదేంది?" అన్నాను.

"ఎట్లుంది మేడం? రీల్ పెట్టిన గంటలోనే ఫోన్లు మొదలైనై."

"నేను వేరే పేరు పంపిన కదా."

"రేగడి అంటే ఎవరికి తెలుస్తది మేడం? సాయిల్ అంటే బీరుల మట్టి ఉందనుకుంటరు." నవ్వాడు. తర్వాత నా మొహం చూసి, నన్ను ఓదార్చడానికే కాబోలు, "అయినా ఇది మీకు ట్రిబ్యూట్ మేడం. కిచెన్ల అందరూ మిమ్మల్ని గట్లనే అంటరు కద. నల్లపిల్ల వచ్చిందా, నల్లపిల్ల పోయిందా అని. అక్కడే నాకు ఐడియా వచ్చింది," అన్నాడు.

అతని మొహంలో ఎగతాళి లేదు. అదే నాకు ఎక్కువ దెబ్బ. నాకు నిజంగా గౌరవం చేశాననుకుంటున్నాడు. ఏడాదిగా పొద్దున వంటగది దాటుతూ నేను గుడ్ మార్నింగ్ చెప్పిన మనుషులు, వాళ్ల పిల్లల జ్వరాలకు నేను మందుల పేర్లు చెప్పిన మనుషులు, నా వెనక నన్ను అలా పిలుచుకుంటున్నారు.

వెంటనే నాయిన గుర్తొచ్చాడు. బయటికి పరిగెత్తి ఫోన్ చేశాను.

"నాయినా, ఇయ్యాల రాకు. ప్రోగ్రాం క్యాన్సల్ అయింది."

"గదేంది, నేను ఎల్బీనగర్ల దిగిన. మెట్లు దిగుతున్న. మీ బోర్డు కనబడుతున్నది ఈడికెళ్లి."

మెట్రో స్టేషన్ నుంచి మా హాలు అయిదు నిమిషాల నడక. నేను రోడ్డు మీదే ఆపేద్దామని ఎదురెళ్లాను. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. జేబులో పెన్ను. నేను ఏదో చెబుతుండగానే, "పర్వలేదు తియ్, ఎట్లనూ వచ్చిన, ఒక్కసారి చూసి పోత" అంటూ ముందుకు నడిచాడు. ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి ఉంటే ఆగేవాడేమో. నేను లాగలేదు. ఏమని చెప్పి లాగాలో తెలియలేదు.

లోపలికి వచ్చి మొదట అద్దం వెనక ట్యాంకులు చూశాడు. "గివన్నీ నువ్వే చూస్తవా?" అన్నాడు. అవునన్నాను. తర్వాత బోర్డు దగ్గర ఆగాడు. ఆయన చదువు అయిదో తరగతి. తెలుగు నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదువుతాడు. మరదలు. పక్కింటి వదిన. చిన్నిల్లు. నల్లపిల్ల. అన్నీ చదివాక నా వైపు తిరిగాడు.

"ఇందుల నీదేది?"

ఆయన మళ్లీ బోర్డు చూశాడు, నన్ను చూశాడు. అర్థమైంది. మొహం ఒక్కసారిగా వాడిపోయింది. ఆ తర్వాత ఆయన కళ్లు బొమ్మ మీద పడ్డాయి.

నాయిన రోజూ పొద్దున షాపు తెరవగానే చేసే మొదటి పని బొమ్మలకు చీరలు కట్టడం. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు. ఆయన కట్టిన చీరలో ఒక్క కుచ్చిలి అటూ ఇటూ ఉండదు. నేను చూస్తుండగానే ఆయన బల్లల మధ్య నుంచి నడిచి వెళ్లి, సెల్ఫీ తీసుకుంటున్న వాళ్లతో, "జర జరుగున్రి బాబూ" అన్నాడు. వాళ్లు స్టాఫ్ అనుకుని జరిగారు. బొమ్మ చేతిలో ట్రే తీసి పక్కన పెట్టాడు. కుచ్చిళ్లు మొత్తం లాగి, మళ్లీ వేళ్ల మధ్య మడతలు పెట్టి, నడుం దగ్గర సరిగ్గా దోపాడు. కొంగు ఎత్తి భుజం మీదుగా నిండుగా వేసి, చొక్కా జేబులోంచి పిన్నీసు తీసి గుచ్చాడు. సేల్స్‌మన్ల జేబుల్లో పిన్నీసులు ఎప్పుడూ ఉంటాయి.

ఒక బల్ల దగ్గరి నుంచి ఎవడో, "అంకుల్, కట్టుడు కాదు, విప్పుడు చూపియ్" అని అరిచాడు. ఆ బల్లంతా గొల్లుమంది. నాయిన తల తిప్పలేదు. రెండో పిన్నీసు కింద పడితే వంగి తీసుకుని మళ్లీ గుచ్చాడు.

ఓనరు గబగబా వచ్చాడు. నేను మా నాయిన అని చెప్పాను. ఓనరు మొహం మారింది. "అయ్యో, మీరా అండీ. చెప్పకపోయారా అమ్మా. రండి రండి, పైన కూర్చుందాం" అన్నాడు.

నాయిన కూర్చోలేదు. "సార్, ఈ చీర నేనే తీసిచ్చిన. గిందుకని తెల్వదు," అన్నాడు. "మా బిడ్డ చేసిన సరుకుకు మా బిడ్డ రంగు పేరు పెట్టిన్రా సార్?" అని అడిగాడు.

"అబ్బే, అలా కాదండీ. సరదాకి. జనం సరదాగా తీసుకుంటారు. బిజినెస్‌లో ఇవన్నీ మామూలే."

"మీ బిడ్డ పేరు పెడుదురా?"

ఓనరుకు ఇద్దరు కూతుళ్లు. నాయిన నేను చేసిన బీరు ఒక్క గుక్క కూడా రుచి చూడకుండా బయటికి నడిచాడు. స్టేషన్ దాకా వెంట వెళ్లాను. మెట్ల దగ్గర ఆగి, "నువ్వు లోపలికి పో బిడ్డా, పని మధ్యల వచ్చినవ్" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం అంతకుముందు ఒక్కసారే చూశాను, మగ్గం విప్పి ఆటోలో ఎక్కించిన రోజు.

సోమవారం నేను వెళ్లేసరికి బొమ్మ కొంగు మళ్లీ జారి ఉంది. పిన్నీసులు తీసి కౌంటరు మీద పెట్టారు.

కౌంటరులో ఉండే అమ్మాయి బడంగ్‌పేట్ నుంచి వస్తుంది. ఇరవై రెండేళ్లుంటాయి. బల్లలు బుక్ చెయ్యడానికి వచ్చే ఫోన్లు తీసేది ఆమే. ఆ పిన్నీసులు నాకు అందిస్తూ, "మీ నాయినవి మేడం, మీకిద్దామని తీసి పెట్టిన" అంది. అప్పుడే ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, గొంతు మార్చి, నవ్వు తెచ్చిపెట్టుకుని, "హలో సార్, ఈ రోజు మీకోసం నల్లపిల్ల వెయిటింగ్, ఎంతమందికి టేబుల్ పెట్టమంటారు?" అంది.



అవతలివాడు ఏదో అన్నాడు. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో లేదు. "సార్, ఎంతమందికి సార్?" అని మళ్లీ అడిగి, రాసుకుని, పెట్టేసింది.

"ఏమన్నడు?" అని అడిగాను.

"రోజు అనేదే మేడం. నువ్వెట్లుంటవ్, నువ్వు నలుపా తెలుపా అని. ఇంతకుముందు చిన్నిల్లు ఉంది సార్ అని చెప్పాలె గద, అప్పుడు నువ్వొస్తవా చిన్నింటికి అనెటోళ్లు. ఒకాయన రోజు సరిగ్గా పన్నెండున్నరకు చేస్తడు. టేబుల్ ఎన్నడు బుక్ చెయ్యడు."

"ఎన్ని రోజుల సంది?"

"ఓపెన్ చేసిన కాడి నుంచి."

నేను ఇరవై అడుగుల దూరంలో, అద్దం వెనక, ఏడాదిగా పనిచేస్తున్నాను. ఆమెతో రోజూ చాయ్ తాగుతున్నాను. "మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను. నా గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా ఉంది.

ఆమె రిజిస్టరు వైపు చూస్తూ చెప్పింది. "ఆ పేర్లు పెట్టిన్నాడు మీరు కూడ నవ్విన్రు గద మేడం. నేను మీటింగుకు చాయ్ తెచ్చిన. చూసిన. మీకు గవి మంచిగనే అనిపించినయ్ అనుకున్న."

శనివారం బోర్డు చూసినప్పుడు తగిలిన దానికన్నా ఇది పెద్ద దెబ్బ. అక్కడ కోపం తెచ్చుకోవడానికి మనిషి ఉన్నాడు. ఇక్కడ నేనే ఉన్నాను. మరదలు, వదిన, చిన్నిల్లు అన్నప్పుడు అవి ఎవరో ఆడవాళ్లు. ఆ ఎవరో ఈ పిల్ల అయింది. నాకు మాత్రం నా వంతు వచ్చేదాకా కనబడలేదు. "తప్పయింది" అన్నాను. ఆమె "మీరేం జేస్తరు మేడం" అని వేరే పనిలో పడింది. ఆ మాట నన్ను ఊరడించలేదు.

ఆ రోజే ఓనరు గదిలోకి వెళ్లాను. నాలుగు పేర్లూ మార్చాలి, బొమ్మ తీసెయ్యాలి, ఆ ఫోన్ మాటలు ఆపాలి, లేకపోతే తర్వాతి బీరు కాచను అన్నాను. నాలుగూ అని గట్టిగా చెప్పాను.

"మీరు ఎమోషనల్ అవుతున్నారమ్మా. నాన్నగారు బాధపడ్డారని నాకూ బాధగానే ఉంది. కానీ సేల్స్ చూడండి. ఆడవాళ్లు కూడా వచ్చి నవ్వుకుంటూ తాగి వెళ్తున్నారు."

"నేనూ నవ్విన సార్. అది తప్పని ఇప్పుడు చెబుతున్న."

ఆయన ఆలోచిస్తానన్నాడు. పది రోజులు ఆలోచించాడు. నేను రాజీనామా కాగితం రాసుకుని బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఇవ్వడానికి ధైర్యం చాలలేదు, అది కూడా నిజమే. ఇంటి కిరాయి, తమ్ముడి చదువు, మళ్లీ ఇలాంటి ఉద్యోగం ఒక ఆడదానికి ఎవరిస్తారన్న భయం.

పదకొండో రోజు మధ్యాహ్నం ఒక ఆఫీసు వాళ్లు ముప్పై మంది భోజనానికి వచ్చారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. వాళ్ల మేనేజరు నలభై దాటిన ఆవిడ, బోర్డు ముందు నిలబడి కళ్లద్దాలు సవరించుకుని చదివింది. బొమ్మను చూసింది. కౌంటరు దగ్గరికి వచ్చి, "ఈ పేర్లు ఎవరు పెట్టారమ్మా?" అని అడిగింది.

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో కౌంటరు అమ్మాయికి నేర్పించి పెట్టారు. సరదాకి మేడం, ఎంజాయ్ చెయ్యండి మేడం అనాలి. ఆమె అలా అనలేదు. "మా సార్లు పెట్టిన్రు మేడం. ఆ బ్లాక్ బీరు చేసింది అగో, ఆ అద్దం వెనక మేడం. ఆమె వేరే పేరు పెట్టింది. వీళ్లు ఆమె రంగు చూసి గిది పెట్టిన్రు," అంది. హాల్లో అందరికీ వినబడేట్టు చెప్పింది, ఆ మాటలు తర్వాత నాకు ఆమే చెప్పింది.

మేనేజరు అద్దంలోంచి నా వైపు చూసింది. నేను బూట్లు, ఏప్రన్ వేసుకుని, చేతిలో పైపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. జాలి కాదది. ఇది నిజంగా జరుగుతుందా అన్నట్టు నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వెనక్కి తిరిగి తన వాళ్లతో ఏదో చెప్పింది. ముప్పై మందీ లేచారు. ఇద్దరు మగవాళ్లు గొణిగారు కానీ వాళ్లూ వెళ్లారు. బల్లల మీద అప్పడాలు, మంచినీళ్ల గ్లాసులు అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రానికి బొమ్మ స్టోర్ రూములోకి వెళ్లింది. రెండు రోజుల్లో కొత్త బోర్డు వచ్చింది. ఓనరు నన్ను స్వయంగా పిలిచి చూపించాడు. "మీరు చెప్పినట్టే మార్పించానమ్మా," అన్నాడు.

తేలికదాని పేరు 'హాట్ కజిన్'. గోధుమలది 'నైబర్స్ వైఫ్'. గట్టిది 'సీక్రెట్ అఫైర్'. నాది 'బ్లాక్ బ్యూటీ'.

ఆయన మొహంలో నిజమైన తృప్తి ఉంది. తెలుగులో బూతుగా ఉన్నవి ఇంగ్లీషులో మర్యాద అయిపోయాయని నమ్ముతున్నాడు. నేను బ్యాగులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన చదివి, చాలా సేపు కాగితం కేసి చూసి, "ఇప్పుడేమైందమ్మా?" అని అడిగాడు. ఆయనకు నిజంగా తెలియదు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఆ మేనేజరుకు అలా జవాబు చెప్పినందుకు కౌంటరు అమ్మాయిని అంతకు ముందే మాన్పించేశారు. ఇప్పుడు కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేస్తోంది. నాకు మూడు నెలలు ఖాళీ. తర్వాత గచ్చిబౌలి వైపు ఇంకో బ్రూవరీలో దొరికింది. రోజూ మెట్రోలో చాలా దూరం పోయి వస్తున్నాను. అక్కడ బీర్లకు నంబర్లే. ఒకటి, రెండు, మూడు. నాయిన ఇప్పుడు షాపులో అడిగినవాళ్లకు మా బిడ్డ బీరు చేస్తదని చెబుతున్నాడట. అమ్మ మాత్రం ఇంకా జ్యూసులే అంటోంది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎల్బీనగర్‌లో నా తర్వాత చేరిన బ్రూవర్. కుర్రాడు, గొంతు భయం భయంగా ఉంది. నల్లబీరు తనకు కుదరడం లేదట. మాడు వాసన వస్తోందట. నేను వదిలి వచ్చిన నోటుబుక్కులో జొన్నల దగ్గర అక్షరాలు తడిసి కనబడటం లేదని చెప్పాడు.

"మేడం, ఏమనుకోవద్దు, ఒక్కటి అడుగుత. ఈ బుక్కు నాకిచ్చేటప్పుడు 'నల్లపిల్ల బుక్కు' అని ఇచ్చిన్రు. అది బీరు పేరా మేడం?"

నేను వచ్చేసి ఎన్ని నెలలైంది. బోర్డు మీద ఆ పేరు ఎప్పుడో పోయింది. ఆ వంటగదిలో నేను ఇంకా అలాగే ఉన్నాను.

"బీరు పేరు కాదు. నన్ను అనేవాళ్లు," అన్నాను.

"సారీ మేడం, నాకు తెల్వదు," అన్నాడు. ఏదో వెతుకుతున్న చప్పుడు వినిపించింది. "అట్ట మీద అదే రాసి ఉన్నది మేడం, మార్కర్‌తోని. కొట్టేస్తున్న. మీ పేరు చెప్పన్రి, రాస్త."

నేను నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. అతను ఒక్కో అక్షరం పలుకుతూ రాసుకున్నాడు. తర్వాత జొన్నలు ఎంత సెగ మీద, ఎంతసేపు వేయించాలో చెప్పాను.